రిపోర్టులో ‘గ్రామ్ నెగెటివ్’ అని ఉంటే ఏమీ లేనట్టేనా? బాక్టీరియా, వాటి రకాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పని చేస్తానని తెలిసిన దగ్గర్నుంచి చుట్టాలు, ఇరుగుపొరుగు, అమ్మమ్మగారి ఊరి రైతులు వాట్సాప్‌లో ఫొటోలు పంపుతూనే ఉంటారు. ఒకరు మూత్ర పరీక్ష రిపోర్టు, ఇంకొకరు కొసలు ఎండిన వరి ఆకు, మరొకరు తీగలా సాగుతున్న పెరుగు గిన్నె. అడిగేవి మాత్రం తిప్పి తిప్పి అవే. అందుకే ఒకచోట రాసి పెట్టాను. ఏ ప్రశ్నకి ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. వైద్యం సంగతి వచ్చినచోట చివరి మాట మీ డాక్టరుదే.

## అసలు మొదటి సందేహాలు

బాక్టీరియా అంటే పురుగులా? కంటికి కనిపించనివి ఉన్నాయని ఎలా తెలిసింది?

పురుగులు కావు. పురుగుకి కాళ్లు, నోరు, పొట్ట ఉంటాయి, ఒంట్లో లక్షల కణాలుంటాయి. బాక్టీరియాకి ఒళ్లంతా కలిపి ఒక్కటే కణం. ఆ కణంలో మనకున్నట్టు కేంద్రకం కూడా ఉండదు. డీఎన్ఏ చాలా వాటిలో ఒక ఉంగరంలా చుట్టుకుని లోపలి ద్రవంలోనే ఉంటుంది. మన పేగుల్లో ఉండే ఈ. కోలై పొడవు సుమారు 2 మైక్రోమీటర్లు. స్కేలు మీద ఒక్క మిల్లీమీటరు గీతలో తలా తోకా కలిపి పేరిస్తే 500 పడతాయి.

వీటిని మొదట చూసింది శాస్త్రవేత్తగా చదువుకున్నవాడు కాదు, హాలండ్‌లోని డెల్ఫ్ట్ ఊళ్లో బట్టల వ్యాపారి ఆంటొనీ వాన్ లీవెన్‌హుక్. తనే కటకాలు అరగదీసుకుని తయారు చేసుకున్న మైక్రోస్కోపులో నీళ్లలోని ఈ ప్రాణుల్ని చూసి 1676లో లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. 1683లో తన పళ్ల మీది పాచి గీకి చూసి, అందులోనూ ఇవి కదులుతున్నాయని రాశాడు. ‘బాక్టీరియా’ అన్న పేరు 19వ శతాబ్దిలో వచ్చింది. గ్రీకు భాషలో ఆ మాటకి చిన్న కర్ర అని అర్థం.

బాక్టీరియా, వైరస్, ఫంగస్ అన్నీ ఒకటేగా? అన్నీ క్రిములేగా?

‘క్రిమి’ అనే మాట చేసిన గందరగోళం ఇది. బాక్టీరియా తన తిండి తాను తిని, తనంతట తాను రెండుగా చీలి పెరిగే పూర్తి ప్రాణి. వైరస్ అంతకంటే ఎంతో చిన్నది, ఇంకొకరి కణంలో దూరితే తప్ప పెరగలేదు. ఫంగస్ అంటే శిలీంధ్రం. బూజు, పుట్టగొడుగు, రొట్టెలో వేసే ఈస్టు ఈ జాతివే. వీటికి మనకున్నట్టే కేంద్రకం ఉంటుంది.

జబ్బుల్లో చూస్తే క్షయ, టైఫాయిడ్, కలరా, కుష్ఠు, ధనుర్వాతం, కోరింత దగ్గు బాక్టీరియావి. జలుబు, డెంగీ, తట్టు, ఆటలమ్మ వైరస్‌లవి. తామర ఫంగస్‌ది. గజ్జి చర్మంలో దూరే చిన్న పురుగుది. మలేరియా ఇందులో దేనిదీ కాదు, అది ప్రోటోజోవా అనే వేరే తెగ. ఆ పరాన్నజీవి దోమ కడుపులో ఉందని రొనాల్డ్ రాస్ కనిపెట్టింది 1897లో మన సికింద్రాబాద్‌లోనే. ఏది దేనిదో తెలియకుండా మందు వేసుకోవడమంటే ఏ ఇంటి తాళానికో మరో ఇంటి చెవి పెట్టి తిప్పడమే.

ఇవి మొక్కలా, జంతువులా?

రెండూ కావు. ఒకప్పుడు పుస్తకాల్లో మొక్కల్లో కలిపి రాసేవారు. తర్వాత విడిగా పెట్టారు. 1977లో కార్ల్ వోస్ బృందం జన్యు పదార్థాన్ని పోల్చి చూసి, బాక్టీరియాలాగే కనిపించే కొన్ని నిజానికి బాక్టీరియా కావని, అది ఇంకో శాఖ అని తేల్చింది. వాటిని ఆర్కియా అంటారు. గోబర్ గ్యాస్ తొట్టిలో మీథేన్ తయారు చేసేవి అవే. ‘గోబర్ గ్యాస్ బాక్టీరియా’ అని అందరం అలవాటుగా అంటాం, నేనూ అంటాను.

మన ఒంట్లో కూడా ఉంటాయట కదా, అన్నీ చెడ్డవేనా?

మనిషి ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియా ఉంటాయని 2016లో వేసిన ఒక లెక్క. మన సొంత కణాలు సుమారు 30 లక్షల కోట్లు. అంటే లెక్కకి వాళ్లూ మనమూ దాదాపు సమానం. బరువులో మాత్రం అవన్నీ కలిపి పావు కిలోకి లోపే. ఎక్కువ భాగం పెద్దపేగులో ఉండి, మనం అరిగించుకోలేని పీచుని అరిగిస్తాయి, విటమిన్ కె లాంటివి తయారు చేస్తాయి. జబ్బు చేసేవి మొత్తంలో చాలా కొద్ది.

అయితే మంచివి, చెడ్డవి అని రెండు గట్లు కట్టడం కుదరదు. పేగులో ఉన్నంతసేపు ఈ. కోలై మన ఇంటి మనిషే. అదే మూత్రనాళంలోకి వెళ్తే మంట, జ్వరం. ఎక్కడుండాల్సింది అక్కడుందా అన్నది కూడా చూడాలి.

ఒక్కటి ఒంట్లోకి వెళ్తే ఎంతసేపట్లో పెరిగిపోతాయి?

అది జాతిని బట్టి. ఈ. కోలై అన్ని సౌకర్యాలూ ఉంటే 20 నిమిషాలకోసారి రెండవుతుంది. ఒకటి రెండు, రెండు నాలుగు అనుకుంటూ పోతే 8 గంటల్లో ఒక్కదాని నుంచి కోటి 67 లక్షలు దాటతాయి. నిజంలో అంత సాగదు, తిండి అయిపోతుంది, తమ వ్యర్థాల్లో తామే చిక్కుకుంటాయి.

క్షయ బాక్టీరియా రెండవడానికి 15 నుంచి 20 గంటలు తీసుకుంటుంది. అందుకే టీబీ కల్చర్ రిపోర్టు, అంటే నమూనాలోని బాక్టీరియాని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షది, వారాల తరబడి రాదు. ల్యాబ్ వాళ్ల మీద కోప్పడకండి. కుష్ఠు బాక్టీరియాకైతే దాదాపు రెండు వారాలు పడుతుంది. దాన్ని 1873లోనే నార్వేలో హాన్సెన్ గుర్తించినా, ల్యాబ్ గిన్నెలో పెంచడం ఈనాటికీ ఎవరి వల్లా కాలేదు.

అన్నీ మైక్రోస్కోపులోనే కనిపిస్తాయా?

దాదాపు అన్నీ. ఒక మొండి మినహాయింపు ఉంది. కరీబియన్ దీవి గ్వాడెలూప్‌లోని మడ అడవుల్లో దొరికిన థయోమార్గరీటా మాగ్నిఫికా. 2022లో వివరాలు బయటపెట్టారు. ఒక్కో కణం సుమారు ఒక సెంటీమీటరు పొడవు, తెల్ల దారప్పోగులా ఉంటుంది. మా ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లకి ఈ సంగతి చెప్తే మొదట నమ్మరు.

## రకాల దగ్గర తికమక

మొత్తం ఎన్ని రకాలున్నాయి? ఒక పుస్తకంలో మూడంటారు, ఇంకో దాంట్లో ఐదంటారు.

రెండూ తప్పు కాదు, దేన్ని బట్టి విడదీశారన్నదే తేడా. మనుషుల్ని ఊరిని బట్టి విడదీస్తే ఒక లెక్క, వృత్తిని బట్టి విడదీస్తే ఇంకో లెక్క వచ్చినట్టే. ఆకారాన్ని బట్టి, రంగు పట్టే తీరుని బట్టి, ఆక్సిజన్ కావాలా వద్దా అన్నదాన్ని బట్టి, తిండిని బట్టి, ఎంత వేడికి ఓర్చుకుంటుందన్నదాన్ని బట్టి విడదీస్తారు. ఒకే బాక్టీరియాకి ఈ చీటీలన్నీ తగులుతాయి. కలరాది చూడండి: కామా ఆకారం, గ్రామ్ నెగెటివ్, ఆక్సిజన్ ఉన్నా లేకున్నా బతుకుతుంది, ఒక తోకతో ఈదుతుంది.

ఇవాళ జాతిని తేల్చేది జన్యువులే. పద్ధతి ప్రకారం పేరు పెట్టినవి ఇప్పటికి 20,000కు పైనే. పేరు పెట్టనివి అంతకు ఎన్నో రెట్లు.

ఆకారాన్ని బట్టి రకాలు ఏవి? గుర్తుండేలా చెప్పండి.

ఆవగింజలా గుండ్రంగా ఉంటే కాకస్. కర్రముక్కలా ఉంటే బాసిల్లస్. కామాలా వంకర తిరిగితే విబ్రియో. బిగుసుగా మెలి తిరిగి ఉంటే స్పైరిల్లమ్, స్ప్రింగులా పల్చగా మెలికలు తిరిగి ఒళ్లు వంచుతూ కదిలితే స్పైరోకీట్. సిఫిలిస్, లెప్టోస్పైరోసిస్ అనే ఎలుక జ్వరం ఈ చివరి రకం చేసే జబ్బులు.

గుండ్రటివాటికి ఇంకో మెలిక ఉంది. చీలాక విడిపోకుండా అతుక్కునే తీరుని బట్టి పేరు మారుతుంది. జంటలుగా ఉంటే డిప్లోకాకస్, పూసల దండలా ఉంటే స్ట్రెప్టోకాకస్, ద్రాక్ష గుత్తిలా ఉంటే స్టెఫైలోకాకస్. ‘స్టెఫైలీ’ అంటే గ్రీకులో ద్రాక్ష గుత్తే. సెగ్గడ్డ చీము తీసి రంగు వేసి చూస్తే చాలాసార్లు ఈ గుత్తులే కనిపిస్తాయి.

ఆకారం చూసి గుణం చెప్పలేం, ఇది మాత్రం మరిచిపోకండి. పెరుగులో ఉండే ఒక స్ట్రెప్టోకాకస్, పిల్లలకి గొంతు వాపు తెచ్చి కొందరిలో గుండె కవాటాల్ని దెబ్బ తీసే మరో స్ట్రెప్టోకాకస్, రెండూ మైక్రోస్కోపులో అలాంటి దండలే. టైఫాయిడ్ బాక్టీరియానీ ఈ. కోలైనీ పక్కపక్కన పెడితే నేనూ కంటితో చెప్పలేను.

ఆక్సిజన్ లేకుండా బతికేవి ఉంటాయా? తుప్పు మేకు గుచ్చుకుంటే టీటీ సూది ఎందుకు వేస్తారు?

ఉంటాయి. కొన్నింటికి ఆక్సిజన్ విషం కూడా. ధనుర్వాతం తెచ్చే క్లాస్ట్రిడియం టెటనై అలాంటిదే. మామూలుగా మట్టిలో, పశువుల పేడలో సిద్ధబీజంగా, అంటే గట్టి కవచం కట్టుకుని నిద్రపోతున్న గింజలా ఉంటుంది. పైపైన గీరుకుంటే గాలి తగులుతుంది కాబట్టి అది లేవదు. మేకు లోతుగా దిగి పైన చర్మం మూసుకుపోతే లోపల గాలి ఉండదు. అప్పుడు మేలుకుని విషం వదులుతుంది. ఆ విషానికి కండరాలు బిగుసుకుని ఒళ్లు విల్లులా వంగుతుంది. మనవాళ్లు ధనుర్వాతం అని ఎంత చూసి పెట్టారో ఆ పేరు.

తుప్పుకి ఇందులో పాపం ఏమీ లేదు. తళతళలాడే కొత్త మేకైనా మట్టిలో పడి లోతుగా గుచ్చుకుంటే అంతే. ఇప్పుడు ప్రభుత్వ టీకాల పట్టికలో టీటీ బదులు టీడీ వేస్తున్నారు, ఇది కంఠసర్పికి కూడా రక్షణ. బొడ్డు కోసేటప్పుడు శుభ్రత లేక పసిబిడ్డలు ఈ జబ్బుతో పోయే రోజులు ఒకప్పుడు ఉండేవి. తల్లులకి, నవజాత శిశువులకి సోకే ధనుర్వాతాన్ని భారతదేశం అదుపులోకి తెచ్చిందని 2015లో ధ్రువీకరించారు.

మరిగే నీళ్లలో బతికేవి కూడా ఉంటాయంటారు, వాటితో మనకేం పని?

కోవిడ్ రోజుల్లో ముక్కులో పుల్ల పెట్టి చేసిన ఆర్టీపీసీఆర్ గుర్తుందా? ఆ పరీక్షలో నమూనాని పదేపదే దాదాపు 95 డిగ్రీల దాకా వేడి చేయాలి. అంత వేడికి చెడిపోని ఎంజైము మొదట థర్మస్ అక్వాటికస్ అనే బాక్టీరియా నుంచి వచ్చింది. అమెరికాలోని ఎల్లోస్టోన్ వేడినీటి బుగ్గల్లో 1960ల్లో థామస్ బ్రాక్ దాన్ని పట్టుకున్నాడు.

చెట్టులా ఎండలో తిండి వండుకునే బాక్టీరియా ఉందా?

ఉంది, సయనోబాక్టీరియా. నీలి ఆకుపచ్చ నాచు అని పుస్తకాల్లో రాసేది దీన్నే, పేరుకి నాచు గానీ జాతికి బాక్టీరియా. మందుల షాపులో అమ్మే స్పైరులినా మాత్ర ఇదే. వరి మడిలో అజొల్లా వేస్తే ఆ ఆకుల్లో ఉండి గాలిలోని నత్రజనిని పట్టేది కూడా ఇదే.

భూమ్మీద గాలిలో ఆక్సిజన్ మొదట నిండింది వీటి పుణ్యమే, సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట. కడప జిల్లా వేంపల్లె చుట్టుపక్కల సున్నపు రాళ్లలో ఉల్లిపాయ పొరల్లా గీతలు కనిపిస్తాయి. స్ట్రొమటోలైట్లు అంటారు. ఆ ప్రాంతం సముద్రం కింద ఉన్న కాలంలో ఇలాంటి సూక్ష్మజీవుల పాచి పొర మీద పొర పేరుకుని రాయైన గుర్తులవి, దాదాపు 200 కోట్ల ఏళ్ల నాటివి. అటు వెళ్తే బండ మీద కాలు పెట్టే ముందు ఒకసారి వంగి చూడండి.

## రిపోర్టు చేతికొచ్చాక

‘గ్రామ్ నెగెటివ్ బాసిల్లై’ అని వచ్చింది. నెగెటివ్ కాబట్టి ఏమీ లేనట్టేగా?

కాదు. నాకు అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే, దీనివల్ల మందులు మానేసినవాళ్లని కూడా చూశాను. ఇక్కడ నెగెటివ్ అంటే ‘లేదు’ అని కాదు. బాక్టీరియా ఉంది, అది ‘గ్రామ్ నెగెటివ్’ రకానిది, కర్ర ఆకారంలో ఉంది అని దానర్థం.

గ్రామ్ అంటే తూకం కూడా కాదు, మనిషి పేరు. హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ అనే డెన్మార్క్ వైద్యుడు బెర్లిన్‌లో పని చేస్తూ, న్యుమోనియాతో చనిపోయినవాళ్ల ఊపిరితిత్తుల ముక్కల్లో బాక్టీరియా స్పష్టంగా కనిపించే ఉపాయం వెతికాడు. 1884లో పద్ధతి ప్రకటించాడు. ఇప్పుడు మేం చేసేది ఇదీ: గాజు పలక మీద నమూనా పూసి ఊదారంగు వేస్తాం, పైన అయోడిన్, తర్వాత ఆల్కహాల్‌తో కడుగుతాం, చివర ఎర్రరంగు. కొన్నింటికి గోడ మందం, అవి ఊదారంగుని వదలవు. అవి గ్రామ్ పాజిటివ్. కొన్నింటికి గోడ పల్చన, దానిపైన కొవ్వు పొర. ఆల్కహాల్ ఆ పొరని కరిగించేసరికి ఊదా కారిపోయి, చివరి ఎర్రరంగు పట్టి గులాబీగా కనిపిస్తాయి. అవి గ్రామ్ నెగెటివ్.

ఐదు నిమిషాల పని, ఖర్చు కూడా తక్కువే. 140 ఏళ్లు దాటినా ఏ ల్యాబూ దీన్ని మానలేదు, ఎందుకంటే కల్చర్ రాకముందే ఏ వర్గం మందు పని చేయొచ్చో డాక్టరుకి దారి చూపిస్తుంది. ఆ బయటి కొవ్వు పొర వల్ల గ్రామ్ నెగెటివ్‌ల లోపలికి చాలా మందులు దూరలేవు. అసలు బాక్టీరియా లేకపోతే రిపోర్టులో ‘నో గ్రోత్’ అనో, ‘స్టెరైల్’ అనో రాస్తారు. ఆ మాట కోసం చూడండి.

కల్చర్ రిపోర్టులో మందుల పేర్ల పక్కన ఎస్, ఐ, ఆర్ అని ఉన్నాయి, అంటే?

మీ నమూనాలో దొరికిన బాక్టీరియాని గిన్నెలో పెంచి, దాని మీద ఒక్కో మందు పెట్టి చూసిన ఫలితం అది. ఎస్ అంటే ఆ మందుకి లొంగింది. ఆర్ అంటే లొంగలేదు. ఐ అంటే మధ్యస్థం, మోతాదు పెంచితేనో, మందు బాగా చేరే చోటైతేనో పని చేయొచ్చు. ఎస్ ఉన్నవన్నీ మీకు సరిపోతాయని కాదు. మూత్రంలో బాగా చేరే మందు ఊపిరితిత్తుల్లో చేరకపోవచ్చు, గర్భిణికి పనికిరాకపోవచ్చు. చీటీ తీసుకుని నేరుగా మందుల షాపుకి వెళ్లకండి.

జ్వరం వచ్చిన ప్రతిసారీ విడాల్ పాజిటివ్ వస్తోంది. నాకు టైఫాయిడ్ ఒంట్లోనే ఉండిపోయిందా?

చాలావరకు కాదు. విడాల్ పరీక్ష బాక్టీరియాని చూడదు. ఎప్పుడో దాన్ని ఎదుర్కోవడానికి మీ ఒళ్లు తయారు చేసిన యాంటీబాడీలు రక్తంలో ఉన్నాయా అని చూస్తుంది. పాత టైఫాయిడ్, టీకా, దగ్గరి జాతి వేరే సాల్మొనెల్లా, చివరికి వేరే జ్వరాలు కూడా దాన్ని పాజిటివ్ చేస్తాయి. మన ప్రాంతంలో టైఫాయిడ్ తరచుగా తిరుగుతూ ఉంటుంది కాబట్టి ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తంలోనూ కొంత కనిపించడం మామూలే. ఒక్కసారి చేసి, ఒక్క అంకె చూసి తేల్చేది కాదు.

ఉందో లేదో పట్టి చూపించేది బ్లడ్ కల్చర్. యాంటీబయోటిక్ మొదలు పెట్టకముందే, జ్వరం మొదటి వారంలో రక్తం తీస్తే బాగా దొరుకుతుంది. రెండు మూడు రోజులు ఆగాలి, ఖర్చు ఎక్కువ, అందుకే చిన్న ఊళ్లలో విడాలే రాస్తారు. నా అభిప్రాయం అడిగితే, ఆ పరీక్షకి అయ్యే డబ్బు కల్చర్ వైపు పెట్టడం మేలు.

స్క్రబ్ టైఫస్, టైఫాయిడ్ ఒకటేనా?

పేరు దగ్గర, జబ్బు దూరం. టైఫాయిడ్ కలుషితమైన నీళ్లు, తిండి వల్ల వస్తుంది. స్క్రబ్ టైఫస్ పొదల్లో, గడ్డిలో ఉండే మైట్ అనే ఒక రకం సన్న పురుగు పిల్లలు కుట్టడం వల్ల వస్తుంది. దాని బాక్టీరియా మన కణాల లోపల మాత్రమే పెరిగే రకం, మామూలు కల్చర్ గిన్నెలో మొలవదు. చంకలో, గజ్జల్లో, నడుము దగ్గర కాల్చినట్టు నల్లటి పుండు ఉందేమో చూసి డాక్టరుకి చెప్పండి. నొప్పి ఉండదు కాబట్టి రోగి గమనించడు. సమయానికి పట్టుకుంటే మందుకి తేలిగ్గా లొంగే జబ్బు.

దగ్గు రెండు వారాలైంది, కళ్లె పరీక్ష రాశారు. ఉమ్మి ఇస్తే సరిపోతుందా?

ఉమ్మి కాదు, కళ్లె కావాలి. గట్టిగా ఊపిరి పీల్చి ఛాతీ లోపలి నుంచి దగ్గి తీయాలి. పొద్దున్న లేచిన వెంటనే వచ్చేది మంచిది, నోరు నీళ్లతో పుక్కిలించి ఇవ్వండి. క్షయ బాక్టీరియా గోడ మైనంలాంటి కొవ్వుతో నిండి ఉంటుంది, మామూలు గ్రామ్ రంగు సరిగ్గా ఎక్కదు. అందుకే వేడి చేసి వేరే ఎర్రరంగు ఎక్కిస్తారు. ఎక్కాక ఆమ్లంతో కడిగినా వదలదు. రిపోర్టులో ‘ఏఎఫ్‌బీ’ అని ఉండేది ఆ ఆమ్లానికి వదలని గుణం పేరే. ఈ బాక్టీరియాని కనుగొన్నట్టు రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న ప్రకటించాడు. ఏటా ఆ రోజునే క్షయ దినం జరుపుతారు.

## వంటింట్లో

చెంచాడు మజ్జిగ వేస్తే గిన్నెడు పాలు ఎలా తోడుకుంటాయి? చలికాలం ఎందుకు తోడుకోవు?

ఆ చెంచాలో కోట్ల కొద్దీ లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా ఉంటాయి. లాక్టోబాసిల్లస్, లాక్టోకాకస్, స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్ లాంటివి. పాలలోని లాక్టోజ్ అనే చక్కెరని తిని లాక్టిక్ ఆమ్లం వదులుతాయి. పులుపు పెరిగేకొద్దీ పాలలోని కేసిన్ మాంసకృత్తి గడ్డకడుతుంది. ఇదంతా గోరువెచ్చటి వేడిలో చురుగ్గా సాగుతుంది. పాలు మరీ వేడిగా ఉన్నప్పుడు తోడేస్తే బాక్టీరియా చస్తాయి, చల్లగా ఉంటే బద్ధకిస్తాయి. వేలు పెట్టి చూసి తోడేసే అమ్మమ్మలకి థర్మామీటరు అక్కర్లేదు. చలికాలం గిన్నెని బియ్యం డబ్బాలో పెట్టడం, గుడ్డ చుట్టడం అందుకే.

పెరుగు జిగురుగా తీగలా సాగుతోంది. పారబోయాలా?

వాసన, రుచి మామూలుగా ఉంటే భయం లేదు. కొన్ని లాక్టిక్ బాక్టీరియా చక్కెరల్ని గొలుసులా అల్లి జిగురు చేస్తాయి. ఫిన్లాండ్‌లో కావాలనే అలా తోడుపెట్టుకుని ‘వీలీ’ అని తింటారు. మనకి నచ్చకపోతే తోడు మార్చాలి. అదే పెరుగు నుంచి మళ్లీ తోడేస్తే మళ్లీ అదే జిగురు. గిన్నె మరిగే నీళ్లతో కడిగి పక్కింటి నుంచి కొత్త తోడు తెచ్చుకోండి. కుళ్లు వాసన, బుడగలు, ఎర్ర పచ్చ మచ్చలు కనిపిస్తే మాత్రం పారబోయాల్సిందే.

ఇడ్లీ పిండిలో ఈస్టు వేయకుండానే ఎలా పొంగుతుంది?

మినప్పప్పు, బియ్యం మీద ఉండే బాక్టీరియానే ఆ పని చేస్తాయి. ముఖ్యమైనది ల్యూకోనోస్టాక్ మెసెంటరాయిడిస్. ఇది కార్బన్ డయాక్సైడ్ వదిలి పిండిని లేపుతుంది, ఆమ్లం వదిలి పులుపు తెస్తుంది. మినప పిండిలోని జిగురు ఆ బుడగల్ని జారిపోకుండా పట్టి ఉంచుతుంది. ఒట్టి బియ్యప్పిండి పులుస్తుంది గానీ అలా లేవదు.

ఏదైనా బాగా మరిగిస్తే బాక్టీరియా అన్నీ చస్తాయి కదా?

పెరుగుతున్నవి చస్తాయి. సిద్ధబీజాలుగా మారి పడుకున్నవి చాలావరకు బతికిపోతాయి. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అలాంటిది. అన్నం ఉడికినా దాని గింజ చావదు. మధ్యాహ్నం వండిన అన్నం గిన్నెలోనే వెచ్చగా రాత్రిదాకా ఉంటే లేచి పెరుగుతుంది, వాంతులు చేయించే విషం వదులుతుంది. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. పెళ్లిళ్లలో, హాస్టళ్లలో పెద్ద గంగాళాల్లో అన్నం వండి గంటల తరబడి మూసి ఉంచినప్పుడు ఈ ప్రమాదం ఎక్కువ. మిగిలిన అన్నాన్ని వెడల్పు పళ్లెంలో పరిచి త్వరగా ఆరనిచ్చి ఫ్రిజ్‌లో పెట్టండి.

ఆస్పత్రి సామాన్లకి అందుకే ఆటోక్లేవ్ వాడతారు. ఒత్తిడి పెంచి 121 డిగ్రీల ఆవిరిలో కనీసం 15 నిమిషాలు ఉంచితే సిద్ధబీజాలు కూడా చస్తాయి. సూత్రం మన ప్రెషర్ కుక్కర్‌దే.

ఆవకాయ ఏడాదిపాటు చెడిపోదు, ఎలా?

ఉప్పు. అది బాక్టీరియా కణంలోని నీళ్లని బయటికి లాగేస్తుంది. పులుపు తోడవుతుంది, పైన తేలే నూనె గాలిని అడ్డుకుంటుంది. తడి గరిటె పెట్టినచోట ఉప్పు పల్చబడుతుంది. అక్కడ వచ్చే తెల్లటిది ఎక్కువసార్లు బూజు, బాక్టీరియా కాదు.

## పొలంలో

వేరుశనగ మొక్క పీకితే వేళ్లకి బుడిపెలున్నాయి. తెగులా?

తెగులు కాదు, కాలువ నీళ్లంత మేలు. అవి రైజోబియం జాతి బాక్టీరియా కాపురాలు. గాలిలోని నత్రజనిని మొక్క వాడుకునేలా మార్చి ఇస్తాయి, మొక్క వాటికి చక్కెర పెడుతుంది. ఒక బుడిపెని గోటితో చీల్చండి. లోపల గులాబీ రంగు ఉంటే పని చేస్తున్నట్టు, తెల్లగానో పచ్చగానో ఉంటే చేయనట్టు. కంది, పెసర, మినుము, పిల్లిపెసర, జీలుగ అన్నింటికీ ఇవి ఉంటాయి. వేరు పట్టుకుని దులిపితే ఊడకుండా, ఉబ్బినట్టు వేరులోనే కలిసిపోయి ఉంటే అది నులిపురుగుల తెగులు, రెండూ ఒకటి కాదు.

రైజోబియం ప్యాకెట్ కొనేటప్పుడు ఏ పంటకో చూసుకోండి. శనగకి పట్టేది వేరుశనగకి పట్టదు. బెల్లం నీళ్లతో విత్తనానికి పట్టించి నీడలో ఆరబెట్టాలి, ఎండలో పెడితే బాక్టీరియా చస్తాయి. విత్తన శుద్ధికి తెగులు మందు కూడా వాడేటట్టయితే ముందు అది పట్టించి ఆరాక, చివర రైజోబియం.

వరి ఆకులు అంచుల నుంచి ఎండుతున్నాయి. తెగులు మందు కొట్టినా తగ్గలేదు, ఎందుకు?

అది బాక్టీరియా ఎండాకు తెగులు కావచ్చు. కొట్టిన మందు ఫంగస్‌ది అయితే బాక్టీరియాకి దానితో సంబంధమే లేదు. దీన్ని తెచ్చేది జాంథోమోనాస్ ఒరైజే. ఆకు కొస నుంచి అంచుల వెంబడి అలలాగా పసుపు దిగి, తర్వాత గడ్డిరంగుకి మారుతుంది. పొద్దున్నే చూస్తే ఆకు మీద చిన్న జిగురు బొట్లు ఉంటాయి. అనుమానముంటే జబ్బు ఆకు ముక్క కోసి గాజు గ్లాసులోని తేట నీళ్లలో ముంచండి. కోసినచోటు నుంచి పల్చటి పాలలాంటి ధార కారితే బాక్టీరియానే.

యూరియా ఎక్కువైన చేలో, గాలివానల తర్వాత ఇది రెచ్చిపోతుంది. యూరియా ఆపి, ఒక మడి నీళ్లు ఇంకో మడిలోకి పారనివ్వకుండా చూడండి. అసలు మందు విత్తనంలోనే ఉంది. 1986లో బాపట్ల నుంచి వచ్చిన సాంబ మసూరికి, అంటే బీపీటీ 5204కి, ఈ తెగులంటే తట్టుకునే శక్తి లేదు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి తెగులుని తట్టుకునే మూడు జన్యువుల్ని మామూలు సంకరణతోనే దానిలోకి తెచ్చి 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మసూరి విడుదల చేశాయి. ఆ మూడింట్లో ఒకటి ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చింది. అన్నం రుచి, గింజ సన్నదనం పాతదానిలాగే ఉంటాయి.

బీటీ పత్తిలో బాక్టీరియా ఉంటుందా?

బాక్టీరియా ఉండదు, దాని జన్యువు ఒకటి ఉంటుంది. బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే మట్టి బాక్టీరియా కాయ తొలిచే పురుగు పేగుల్ని దెబ్బ తీసే మాంసకృత్తి తయారు చేస్తుంది. ఆ జన్యువునే పత్తిలో పెట్టారు. మన దేశంలో అనుమతి 2002లో వచ్చింది.

## మందుల దగ్గర

జలుబుకి యాంటీబయోటిక్ వేసుకుంటే త్వరగా తగ్గుతుందా?

తగ్గదు. జలుబు వైరస్‌ది, యాంటీబయోటిక్ బాక్టీరియాకి. వేసుకోకపోయినా అన్ని రోజుల్లోనే తగ్గేది.

అందరికీ పనిచేసిన మందే నాకు పని చేయలేదు. ఒక్కో బాక్టీరియాకి ఒక్కో మందు ఎందుకు?

ఒక్కో మందు బాక్టీరియాలో ఒక్కో చోట కొడుతుంది. పెన్సిలిన్, అమాక్సిసిలిన్ లాంటివి గోడ కట్టుకోనివ్వవు. మరి మైకోప్లాస్మా అనే రకానికి గోడే లేదు. దానివల్ల వచ్చే న్యుమోనియాకి పెన్సిలిన్ ఎన్ని రోజులు వేసినా వృథా. డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ లాంటివి లోపల మాంసకృత్తుల తయారీని ఆపుతాయి. అందుకే పక్కింటివాళ్ల చీటీ చూసి మందు కొనడం కుదరదు. వాళ్ల దగ్గు, మీ దగ్గు ఒకేలా వినిపించినా లోపలున్నవి వేరు కావచ్చు.

ఈ మందుకి నా ఒళ్లు అలవాటు పడిపోయిందంటున్నారు, నిజమేనా?

అలవాటు పడింది మీ ఒళ్లు కాదు, బాక్టీరియా. కోట్లలో ఒకటో రెండో మందుకి చావని మార్పుతో పుడతాయి. మందు పడగానే మిగతావి చచ్చి వాటికి చోటు దొరుకుతుంది. ఇంకా చిక్కేమిటంటే ఆ గుణాన్ని పిల్లలకే కాదు, పక్కనున్న వేరే జాతికి కూడా ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ చుట్టగా అందించగలవు, పొరుగింటికి పచ్చడి గిన్నె ఇచ్చినట్టు. కాబట్టి మీరు ఎప్పుడూ వాడని మందుకి కూడా మీలోని బాక్టీరియా లొంగకపోవచ్చు.

మందుల పట్టీ మీద నిలువుగా ఎర్రగీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా కొనకూడనిదని గుర్తు.

టీబీ మందులు రెండు నెలలకే బాగా అనిపించింది. ఇంకా నాలుగు నెలలు ఎందుకు?

రెండు నెలల్లో చచ్చేవి చురుగ్గా పెరుగుతున్నవి. క్షయ బాక్టీరియాలో కొన్ని దాదాపు పెరగకుండా మందకొడిగా పడి ఉంటాయి, వాటిని వెతికి చంపడానికే మిగతా నెలలు. మధ్యలో ఆపితే అవే తిరిగి లేస్తాయి, కొన్నిసార్లు మందుకి లొంగని రకంగా. రిఫాంపిసిన్ వాడినన్నాళ్లూ మూత్రం నారింజ రంగులో వస్తుంది, అది రక్తం కాదు. ఆ రంగు చూసి భయపడి మందు ఆపేసినవాళ్లున్నారు కాబట్టి చెప్తున్నాను.

యాంటీబయోటిక్‌లు కూడా బాక్టీరియా నుంచే వస్తాయట, నిజమా?

చాలావరకు నిజం. 1928లో ఫ్లెమింగ్ కనిపెట్టిన పెన్సిలిన్ బూజు నుంచి వచ్చింది గానీ, తర్వాత వచ్చినవాటిలో ఎన్నో స్ట్రెప్టోమైసిస్ అనే మట్టి బాక్టీరియావి. తొలకరి చినుకులకి లేచే మట్టి వాసనకి కారణమైన జియోస్మిన్‌ని తయారు చేసేవీ ఇవే. క్షయకి మొదటి మందు స్ట్రెప్టోమైసిన్ 1943లో వీటి నుంచే దొరికింది.

టెట్రాసైక్లిన్ వర్గంలో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా స్ట్రెప్టోమైసిస్ నుంచే వచ్చింది. దాన్ని వేరు చేసింది బెంజమిన్ డగ్గర్, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో. ఆ పరిశోధన విభాగానికి అధిపతి మన యల్లాప్రగడ సుబ్బారావు, 1895లో భీమవరంలో పుట్టినవాడు. మందు వివరాలు లోకానికి తెలిసింది 1948లో, ఆయన కన్నుమూసింది కూడా ఆ ఏడాదే. స్క్రబ్ టైఫస్‌కి ఇవాళ రాసే డాక్సీసైక్లిన్ ఆ కుటుంబానిదే.